ఎండ్‌పాయింట్ సెక్యూరిటీ నుంచి ఫోల్డర్లను మినహాయించడం ఎలా: కొలవడం నుంచి తీసేసేదాకా

డేటాబేస్ సర్వర్ నత్తనడక నడుస్తోంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే యాంటీవైరస్ ప్రాసెస్ సీపీయూను తినేస్తూ కనబడుతుంది. అప్లికేషన్ ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేస్తే సపోర్ట్ వాళ్లు చెప్పే మొదటి మాట ఒకటే: "మా ఫోల్డర్ మొత్తాన్నీ యాంటీవైరస్‌లో ఎక్స్‌క్లూడ్ చేసేయండి సార్." రెండు నిమిషాల పని. చాలాసార్లు సమస్య తీరిపోతుంది కూడా. ఇక ఆ మినహాయింపు సంగతి ఎవరికీ గుర్తుండదు, సర్వర్ బతికున్నన్నాళ్లూ అలాగే ఉండిపోతుంది.

దాడి చేసేవాళ్లకు మాత్రం ఆ సంగతి గుర్తుంటుంది. 2021 జూలై 2న కసేయా వీఎస్ఏ అనే రిమోట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ మీదుగా ఆర్‌ఈవిల్ రాన్సమ్‌వేర్ వందల కంపెనీలకు పాకింది. ఆ సాఫ్ట్‌వేర్ ఏజెంటు వాడుకునే సి:\కేవర్కింగ్ ఫోల్డర్‌ను యాంటీవైరస్ నుంచి మినహాయించాలని తయారీదారు సూచనల్లోనే ఉండేది. రాన్సమ్‌వేర్ ఏజెంట్.సీఆర్‌టీ అనే పేరుతో నేరుగా ఆ ఫోల్డర్‌లోనే దిగింది. విండోస్‌తో పాటు వచ్చే సర్ట్‌యుటిల్‌నే (సర్టిఫికెట్ ఫైళ్ల టూల్) వాడుకుని అక్కడే ఈఎక్స్ఈగా మారింది. ఇదొక మామూలు ఎత్తుగడ అయిపోయింది కాబట్టే దాడి పద్ధతులను నమోదు చేసే మైటర్ అటాక్ పట్టికలో పాత్ (ఫైలు లేదా ఫోల్డర్ చిరునామా) మినహాయింపులకు టీ1564.012 అని విడిగా ఒక నంబరే ఉంది.

కాబట్టి "ఈ సాఫ్ట్‌వేర్‌ను నమ్మొచ్చా?" అని అడిగితే చాలదు. "ఈ ఫోల్డర్‌లో ఫైలు పెట్టగలిగేది ఎవరెవరు?" అని అడగాలి. కింద చెప్పే పద్ధతంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఉదాహరణలు ఎక్కువగా మైక్రోసాఫ్ట్ డిఫెండర్ నుంచి తీసుకున్నాను, ఎందుకంటే విండోస్ ఉన్న దాదాపు ప్రతిచోటా అది ఉంటుంది. వేరే ప్రొడక్టులో మెనూ పేర్లు మారతాయి, పని చేసే క్రమం మారదు.

1. ఇబ్బంది ఏ పొర నుంచి వస్తోందో తేల్చుకోండి

ఎండ్‌పాయింట్ సెక్యూరిటీ (ప్రతి కంప్యూటర్, సర్వర్ మీద ఉండి కాపలా కాసే సాఫ్ట్‌వేర్) అంటే ఒకే ఒక్క స్కానర్ అనుకుంటే మొదట్లోనే దారి తప్పుతాం. ఫైలు తెరిచిన ప్రతిసారీ మధ్యలో ఆపి చూసే రియల్‌టైమ్ స్కాన్ ఒక పొర. రోజుకోసారో వారానికోసారో డిస్క్ అంతా తిరిగే షెడ్యూల్డ్ స్కాన్ ఇంకొకటి. ప్రాసెస్ ఏం చేస్తోందో గమనించే బిహేవియర్ మానిటరింగ్, జరిగిందంతా సర్వర్‌కు పంపే ఈడీఆర్ సెన్సర్, ఫైళ్లు మారాయా లేదా అని చూసే ఎఫ్ఐఎం ఇలా పొరలు చాలానే ఉన్నాయి. ఒక పొరలో ఇచ్చిన మినహాయింపు ఇంకో పొరకు వర్తిస్తుందన్న గ్యారంటీ లేదు. డిఫెండర్ యాంటీవైరస్‌లో ఫోల్డర్‌ను మినహాయించినా, డిఫెండర్ ఫర్ ఎండ్‌పాయింట్ ఈడీఆర్ అలర్ట్ ఇస్తూనే ఉంటుంది. అది లోపం కాదు, ఉండాల్సిన తీరే అది.

వచ్చే ఫిర్యాదులు దాదాపుగా మూడు రకాలు. మెషీన్ స్లోగా ఉంది. మంచి ఫైలును వైరస్ అని పట్టేసింది. అలర్ట్‌ల గోల భరించలేకపోతున్నాం. వీటిలో మొదటిదానికే పాత్ మినహాయింపు అసలైన మందు. రెండోదానికి ఫైలును వెండర్‌కు పంపి ఫాల్స్ పాజిటివ్ అని రిపోర్ట్ చేయాలి, ఈలోగా ఆ ఒక్క ఫైలు హాష్‌నో (ఫైలులోని బైట్ల నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది), దాని మీదున్న డిజిటల్ సంతకం సర్టిఫికెట్‌నో అనుమతించాలి. ఫైలులో ఒక్క బైటు మారినా హాష్ మారిపోతుంది, అనుమతి చెల్లదు. ఫోల్డర్ మినహాయింపుకు ఆ పట్టింపు లేదు, లోపల ఏమున్నా వదిలేస్తుంది. మూడోదానికి అలర్ట్ సప్రెషన్ రూల్ చాలు. స్కాన్ నడుస్తూనే ఉంటుంది, తెర మీద గోల తగ్గుతుంది.

మిగతా ప్రొడక్టుల్లో ఈ తేడా మెనూలోనే కనిపిస్తుంది. క్రౌడ్‌స్ట్రైక్‌లో మెషీన్ లెర్నింగ్, ఐఓఏ (దాడిలా కనిపించే ప్రవర్తన), సెన్సర్ విజిబిలిటీ అని విడివిడి మినహాయింపులు ఉన్నాయి. మూడోది ఇస్తే సెన్సర్ ఆ పాత్ విషయంలో కళ్లు మూసుకుంటుంది, తర్వాత వెతుక్కుందామన్నా రికార్డు దొరకదు. సెంటినల్‌వన్‌లో అలర్ట్ అణచడం నుంచి పెర్ఫార్మెన్స్ ఫోకస్ (వేగం కోసం నిఘాను బాగా తగ్గించేది) దాకా మెట్లు ఉంటాయి. ఎప్పుడూ కింది మెట్టు నుంచే మొదలుపెట్టండి. చివరి మెట్టుతో మొదలుపెట్టమని వెండర్ సపోర్ట్ చెబితే, ఎందుకో రాతపూర్వకంగా అడగండి. సగం సార్లు జవాబు రాదు.

2. ఊహించకండి, కొలవండి

"యాంటీవైరస్ వల్లే స్లో" అన్నది చాలా చోట్ల ఊహ మాత్రమే. డిఫెండర్‌లో దీనికి పెర్ఫార్మెన్స్ అనలైజర్ ఉంది. అడ్మిన్ హక్కులతో పవర్‌షెల్ తెరిచి న్యూ-ఎంపీపెర్ఫార్మెన్స్‌రికార్డింగ్ కమాండ్‌కు అవుట్‌పుట్ ఫైలు పేరు ఇచ్చి మొదలుపెట్టండి. ఏ పని చేస్తే స్లో అవుతోందో సరిగ్గా ఆ పని చేయండి. అయ్యాక ఎంటర్ కొట్టి ఆపండి. తర్వాత గెట్-ఎంపీపెర్ఫార్మెన్స్‌రిపోర్ట్ కమాండ్‌తో ఆ ఈటీఎల్ ఫైలును తెరిచి టాప్‌ఫైల్స్, టాప్‌ప్రాసెసెస్, టాప్‌ఎక్స్‌టెన్షన్స్ అని అడిగితే స్కాన్ సమయం ఎక్కడ ఖర్చవుతోందో వరుసగా చూపిస్తుంది. లినక్స్‌లో ఎండీఏటీపీ డయాగ్నొస్టిక్ కమాండ్‌కు రియల్-టైమ్-ప్రొటెక్షన్-స్టాటిస్టిక్స్ అని ఇస్తే ఇలాంటి లెక్కే వస్తుంది.

రిపోర్ట్ చూశాక చాలాసార్లు ఆశ్చర్యపోతాం. వెండర్ మొత్తం ఇన్‌స్టాల్ ఫోల్డర్‌ను వదిలేయమన్నాడు కదా, తీరా చూస్తే సమయమంతా ఒక్క లాగ్ ఫైలు మీదో, బ్యాకప్ ప్రాసెస్ వరసగా తెరుస్తున్న చిన్నచిన్న ఫైళ్ల మీదో పోతూ ఉంటుంది. అప్పుడు మినహాయింపు కూడా అంతే చిన్నగా ఉండొచ్చు. కొన్నిసార్లు అసలు కారణం రెండు సెక్యూరిటీ ప్రొడక్టులు ఒకే ఫైలు కోసం కొట్టుకోవడం. అలాంటప్పుడు రెండింట్లో ఒకదాన్ని తీసేయడమో, ఒకదాని ఫోల్డర్‌ను మరొకదానికి చెప్పడమో చేస్తే సరిపోతుంది, మీ అప్లికేషన్ జోలికి పోనక్కర్లేదు.

డెవలపర్ల మెషీన్లయితే ఇంకో దారి ఉంది. విండోస్ 11లో డెవ్ డ్రైవ్ అనే ప్రత్యేక వాల్యూమ్ (ఆర్‌ఈఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌తో నడిచేది) పెట్టుకుంటే డిఫెండర్ అక్కడ ఫైలు తెరవడాన్ని ఆపకుండా, తెరిచాక వెనకాల స్కాన్ చేస్తుంది. సోర్స్ కోడ్ ఫోల్డర్‌ను పూర్తిగా మినహాయించడం కంటే ఇది చాలా మేలు.

3. ఆ ఫోల్డర్‌లో ఎవరు రాయగలరో చూడండి

ఇక్కడ కాస్త ఎక్కువ సమయం పెట్టండి. మిగతా మెట్లలో తప్పు జరిగితే మళ్లీ సరిచేసుకోవచ్చు. ఇక్కడ తప్పితే దొంగకు తాళం చెవి మీరే చేతికిచ్చినట్టు.

కమాండ్ ప్రాంప్ట్‌లో ఐసీఏసీఎల్ఎస్ అని కొట్టి పక్కన ఫోల్డర్ పాత్ ఇవ్వండి. వచ్చిన జాబితాలో యూజర్స్, అథెంటికేటెడ్ యూజర్స్, ఎవ్రీవన్ అన్న మూడు పేర్ల పక్కన ఏముందో చూడండి. బ్రాకెట్లలో ఆర్‌ఎక్స్ మాత్రమే ఉంటే చదవగలరు, నడపగలరు, అంతే. ఎఫ్, ఎం, డబ్ల్యూ ఉన్నా, డబ్ల్యూడీ, ఏడీ లాంటివి ఉన్నా ఆ మెషీన్‌లో లాగిన్ అయిన మామూలు యూజర్ కూడా అక్కడ ఫైలో ఫోల్డరో పెట్టగలడని అర్థం. మామూలు యూజర్ పెట్టగలిగితే, అతను పొరపాటున తెరిచిన మెయిల్ అటాచ్‌మెంట్ కూడా పెట్టగలదు. సబ్‌ఫోల్డర్లను మర్చిపోకండి. పైది బిగుతుగా ఉండి లోపల లాగ్స్ ఫోల్డర్ మాత్రం అందరికీ తెరిచి ఉండటం మామూలే. ఫోల్డర్లు ఎక్కువైతే సిస్ఇంటర్నల్స్ (మైక్రోసాఫ్ట్ ఉచిత టూల్స్) లోని యాక్సెస్‌చెక్ టూల్ లోపలిదాకా వెతికిపెడుతుంది.

విండోస్ డిఫాల్ట్‌లు కొన్ని తెలిసి ఉంటే పని తేలికవుతుంది. ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల అడ్మిన్ హక్కులు లేనిదే రాయలేరు, కాబట్టి అక్కడున్న ఫోల్డర్ కాస్త నయం. ప్రోగ్రామ్‌డేటాలో మామూలు యూజర్లు కొత్త ఫైళ్లు సృష్టించగలరు, ఇన్‌స్టాలర్ ప్రత్యేకంగా బిగిస్తే తప్ప సబ్‌ఫోల్డర్లకూ అదే హక్కు పోతుంది. అన్నింటికంటే మోసం చేసేది సి డ్రైవ్ మూలంలో నేరుగా పెట్టిన ఫోల్డర్. పాతకాలపు అకౌంటింగ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు సి:\ఫలానాయాప్ అని అక్కడే పెట్టుకుంటాయి. డిఫాల్ట్‌గా అలాంటి ఫోల్డర్‌కు అథెంటికేటెడ్ యూజర్స్‌కు మాడిఫై హక్కు వారసత్వంగా వచ్చేస్తుంది. సి:\విండోస్ లోపల కూడా టెంప్, టాస్క్స్ లాంటి కొన్ని చోట్ల మామూలు యూజర్లు రాయగలరు, అందుకే "విండోస్ ఫోల్డరే కదా" అన్న ధైర్యం పనికిరాదు.

రాసే హక్కు ఎక్కువమందికి ఉందని తేలితే ముందు ఆ హక్కును కత్తిరించండి, తర్వాతే మినహాయింపు. సర్వీస్ అకౌంట్‌కు, అడ్మిన్లకు మాత్రమే ఉంచితే చాలావరకు అప్లికేషన్లు హాయిగా నడుస్తాయి. నడవకపోతే అది వెండర్‌తో మాట్లాడాల్సిన విషయం.

సర్వీస్ అకౌంట్ అన్నాను కదా, అక్కడా ఒక మెలిక ఉంది. ఫోల్డర్‌లో రాసేది వెబ్ సర్వర్ అయితే, ఆ వెబ్ సర్వర్‌లో లొసుగు దొరికినవాడు దాని చేత్తోనే రాయిస్తాడు. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఛేంజ్ మెయిల్ సర్వర్ విషయంలో జరిగింది ఇదే. ఏఎస్‌పీ.నెట్ తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్‌ను, ఇనెట్‌ఎస్ఆర్‌వీ ఫోల్డర్‌ను, పవర్‌షెల్‌తో పాటు వెబ్ సర్వర్ పని చేసే డబ్ల్యూ3డబ్ల్యూపీ ప్రాసెస్‌ను మినహాయించాలని ఏళ్ల తరబడి మైక్రోసాఫ్టే చెబుతూ వచ్చింది. 2023 ఫిబ్రవరిలో అదే మైక్రోసాఫ్ట్ వాటిని తీసేయమంది, ఎందుకంటే వెబ్ షెల్స్ (సర్వర్‌ను దూరం నుంచి నడపడానికి దాడి చేసేవాళ్లు పెట్టే స్క్రిప్టులు), ఐఐఎస్ అనే విండోస్ వెబ్ సర్వర్‌లో చేరే బ్యాక్‌డోర్ మాడ్యూల్స్ సరిగ్గా ఆ చోట్లలోనే తలదాచుకుంటున్నాయి. వెండర్ పాత పీడీఎఫ్‌లో ఉన్నదంతా వేదవాక్కు కాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఎవరు అడిగినా ఇవ్వకూడనివి: మొత్తం డ్రైవ్, విండోస్ ఫోల్డర్, ఏ రకం టెంప్ ఫోల్డరైనా, యూజర్ ప్రొఫైళ్లు, డౌన్‌లోడ్స్. ఎక్స్‌టెన్షన్లలో ఈఎక్స్ఈ, డీఎల్ఎల్, పీఎస్1. ప్రాసెస్‌లలో పవర్‌షెల్, సీఎండీ, పైథాన్, జావా. ఈ నాలుగూ తమంతట తాము ఏమీ చేయవు, ఎవరు ఏ స్క్రిప్టు ఇస్తే అది నడుపుతాయి.

4. మినహాయింపును ఎంత ఇరుకుగా వీలైతే అంత ఇరుకుగా రాయండి

డిఫెండర్‌లో ఫైలు, ఫోల్డర్, ఎక్స్‌టెన్షన్, ప్రాసెస్ అని నాలుగు రకాలు. ఫోల్డర్ మినహాయింపు రియల్‌టైమ్‌కే కాదు, షెడ్యూల్డ్ స్కాన్‌కూ మనం చేతితో నడిపే స్కాన్‌కూ వర్తిస్తుంది. ప్రాసెస్ మినహాయింపు అలా కాదు. ఆ ప్రాసెస్ తెరిచే ఫైళ్లను రియల్‌టైమ్‌లో మాత్రమే వదిలేస్తుంది, రాత్రి షెడ్యూల్డ్ స్కాన్ వాటిని చూస్తుంది. పైగా ఆ ప్రాసెస్ ఈఎక్స్ఈ ఫైలుకు మాత్రం మినహాయింపు ఉండదు. డేటాబేస్, బ్యాకప్ లాంటి వాటికి ఇదే మంచి ఎంపిక. కానీ పేరు మాత్రం రాసి ఊరుకోవద్దు. బ్యాకప్.ఈఎక్స్ఈ అని మాత్రమే ఇస్తే, ఎక్కడ ఉన్నా సరే ఆ పేరున్న ప్రతి ఫైలుకూ వర్తిస్తుంది. మాల్వేర్‌కు పేరు మార్చుకోవడం ఎంతసేపు? పూర్తి పాత్ ఇవ్వండి.

ఈ రెండిటినీ కలిపి వాడే వీలూ ఉంది. కాంటెక్స్‌చువల్ మినహాయింపులని డిఫెండర్‌లో ఉన్నాయి. "ఈ ఫోల్డర్‌ను, ఈ ప్రాసెస్ తెరిచినప్పుడు మాత్రమే, రియల్‌టైమ్ స్కాన్‌లో మాత్రమే వదిలేయి" అని షరతులు పెట్టొచ్చు. రాయడం కాస్త చాదస్తంగా ఉంటుంది, అయినా ఒకసారి నేర్చుకుంటే మామూలు ఫోల్డర్ మినహాయింపు రాయబుద్ధి కాదు.

వైల్డ్‌కార్డ్‌ల (ఏ పేరుకైనా సరిపోయే నక్షత్రం లాంటి గుర్తులు) దగ్గర చాలామంది బోల్తా పడతారు. డిఫెండర్ ఫోల్డర్ పాత్‌లో నక్షత్రం గుర్తు ఒక్క ఫోల్డర్ మెట్టుకే సరిపోతుంది, రెండు మెట్లకు రెండు నక్షత్రాలు కావాలి. డ్రైవ్ అక్షరం స్థానంలో నక్షత్రం పనిచేయదు. వేరే ప్రొడక్టులో ఇదే గుర్తుకు వేరే అర్థం ఉండొచ్చు కాబట్టి అక్కడి జాబితాను ఇక్కడికి కాపీ చేయకండి.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (పాత్ బదులు రాసే విండోస్ పేర్లు) ఇంకో గుంట. యూజర్‌ప్రొఫైల్ అనే వేరియబుల్ రాస్తే ప్రతి యూజర్ ఫోల్డర్‌కూ వర్తిస్తుందనుకుంటాం. డిఫెండర్ సర్వీస్ నడిచేది లోకల్‌సిస్టమ్ అకౌంట్ కింద. దానికి ఆ వేరియబుల్ అంటే సిస్టమ్32 లోపలున్న కాన్ఫిగ్\సిస్టమ్‌ప్రొఫైల్. మనం అనుకున్న చోట మినహాయింపు పడదు, అనుకోని చోట పడుతుంది. మ్యాప్ చేసిన నెట్‌వర్క్ డ్రైవ్ అక్షరంతోనూ ఇలాంటి తంటానే, అసలు యూఎన్‌సీ పాత్ (\\సర్వర్\షేర్ రూపంలో ఉండే నెట్‌వర్క్ చిరునామా) ఇవ్వాలి.

విండోస్ సర్వర్ 2016 నుంచి హైపర్-వీ, యాక్టివ్ డైరెక్టరీ, డీహెచ్‌సీపీ లాంటి రోల్స్‌కు (సర్వర్‌కు అప్పగించే పనులు) డిఫెండరే తనంతట తాను కొన్ని మినహాయింపులు పెట్టుకుంటుంది. వాటిని మళ్లీ చేత్తో రాయనక్కర్లేదు. అయితే అవి డిఫాల్ట్ పాత్‌లకే. డేటాను వేరే డ్రైవ్‌కు మార్చి ఉంటే అది మీరు రాసుకోవాలి.

5. పెట్టేటప్పుడు

వీలైతే గ్రూప్ పాలసీ, ఇన్‌ట్యూన్ లాంటి ఒకే చోటు నుంచి పెట్టండి. మెషీన్‌కు వెళ్లి చేత్తో పెట్టిన మినహాయింపు ఎవరి లెక్కల్లోనూ ఉండదు. ఒకవేళ పవర్‌షెల్‌తోనే పెట్టాల్సి వస్తే ఒక్క విషయం గుర్తుంచుకోండి. యాడ్-ఎంపీప్రిఫరెన్స్ ఉన్న జాబితాకు కొత్తది కలుపుతుంది. సెట్-ఎంపీప్రిఫరెన్స్ ఉన్న జాబితాను చెరిపేసి, మీరిచ్చినదాన్నే మిగులుస్తుంది. సాయంత్రం ఐదింటికి సెట్ కొట్టి ఇంటికెళ్తే, రాత్రి డేటాబేస్ టీమ్ ఫోన్ చేస్తుంది.

లోకల్ అడ్మిన్లు సొంతంగా కలుపుకున్నవి లెక్కలోకి రాకుండా పాలసీలో డిసేబుల్‌లోకల్‌అడ్మిన్‌మెర్జ్ ఆన్ చేయండి. మినహాయింపుల జాబితా లోకల్ అడ్మిన్లకు కనిపించకుండా దాచే సెట్టింగ్ కూడా ఉంది, వాడండి. ఆ జాబితా దాడి చేసేవాడికి మ్యాపు లాంటిది. మామూలు యూజర్ కూడా రిజిస్ట్రీలోంచి దాన్ని చదివేయగలడన్న విషయం 2022లో పెద్ద చర్చే అయింది, ఆ తర్వాతే మైక్రోసాఫ్ట్ ఆ తలుపు మూసింది.

మొదట ఒకట్రెండు మెషీన్లలో పెట్టి చూసి, ఆ తర్వాత మిగతావాటికి. ఇది అందరికీ తెలిసిందే.

6. పనిచేస్తోందా లేదా రెండు వైపులా పరీక్షించండి

ముందు ఎంపీసీఎండీరన్ టూల్‌కు చెక్‌ఎక్స్‌క్లూజన్ ఆప్షన్ ఇచ్చి పాత్ చెప్పండి, ఆ పాత్ మినహాయింపులో ఉందో లేదో చెబుతుంది. తర్వాత ఐకార్ టెస్ట్ ఫైలు. ఇది 68 అక్షరాల టెక్స్ట్, ఎవరికీ హాని చేయదు, కానీ యాంటీవైరస్‌లన్నీ దీన్ని వైరస్‌లా పట్టుకోవాలని ఒప్పందం. బ్రౌజర్‌తో డౌన్‌లోడ్ చేస్తే దార్లోనే పట్టేస్తారు కాబట్టి ఆ అక్షరాలను నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి నేరుగా మినహాయించిన ఫోల్డర్‌లో సేవ్ చేయండి. అక్కడ గొడవ లేకుండా ఉండాలి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు పరీక్ష తర్వాత ఉంది. అదే ఫైలును ఒక మెట్టు పైనున్న ఫోల్డర్‌లో పెట్టండి, పట్టుకోవాలి. పక్క ఫోల్డర్‌లో పెట్టండి, పట్టుకోవాలి. ఫోల్డర్ ఒకటే అయినా వేరే ప్రాసెస్‌తో తెరవండి, షరతు పెట్టి ఉంటే పట్టుకోవాలి. వీటిలో ఏ ఒక్కచోట మౌనంగా ఉన్నా మీ మినహాయింపు మీరనుకున్న దానికంటే వెడల్పుగా ఉన్నట్టే. అయ్యాక టెస్ట్ ఫైలును తీసేయండి, లేకపోతే ఏదో ఒక రోజు ఎవరో ఒకరికి టెన్షన్ తెప్పిస్తుంది.

చివరగా రెండో మెట్టులో చేసిన రికార్డింగ్ మళ్లీ చేయండి. స్కాన్ సమయం తగ్గకపోతే మినహాయింపు ఉంచి లాభం లేదు, వెనక్కి తీసుకోండి.

7. స్కాన్ లేని చోట వేరే కాపలా పెట్టండి

ప్రతి మినహాయింపుకూ ఒక టికెట్ ఉండాలి. అందులో పాత్, కారణం, కొలిచిన లెక్క, అడిగిన వ్యక్తి, ఒప్పుకున్న వ్యక్తి, మళ్లీ చూడాల్సిన తేదీ. తేదీ లేనిదే ఒప్పుకోకండి.

డిఫెండర్ సెట్టింగ్ మారిన ప్రతిసారీ దాని ఆపరేషనల్ లాగ్‌లో 5007 నంబరు ఈవెంట్ పడుతుంది. కొత్త మినహాయింపు కలిస్తే ఏ పాత్ కలిసిందో అందులోనే కనిపిస్తుంది. ఈ ఈవెంట్‌ను సెంట్రల్ లాగ్ సర్వర్‌కు తెచ్చి, టికెట్ లేని మార్పుకు అలర్ట్ పెట్టండి. చాలా మాల్వేర్లు లోపలికి వచ్చాక చేసే మొదటి పనుల్లో తమ ఫోల్డర్‌ను మినహాయించుకోవడం ఒకటి. ఈ ఒక్క అలర్ట్ దాన్ని అక్కడికక్కడే పట్టిస్తుంది.

మినహాయించిన ఫోల్డర్ మీద ఎఫ్ఐఎం పెట్టడం నాకు బాగా నచ్చిన ఏర్పాటు. వాజూ లాంటి టూల్‌లో ఆ ఫోల్డర్‌ను చూడమని చెప్పి, నిత్యం మారే డేటా ఫైళ్లను ఇగ్నోర్ చేస్తే సరి. డేటా ఫైళ్లు మాత్రమే ఉండాల్సిన చోట కొత్తగా ఈఎక్స్ఈనో డీఎల్ఎల్‌నో స్క్రిప్టో కనబడిందంటే, అది వైరస్ కాకపోయినా తెలుసుకోవాల్సిన విషయమే.

మినహాయింపును ముట్టుకోకుండా లోపలి ఫైళ్లను చూసే దారి కూడా ఒకటుంది, ఎందుకో పెద్దగా ఎవరూ వాడరు. ఎంపీసీఎండీరన్‌తో కస్టమ్ స్కాన్ నడుపుతూ డిసేబుల్‌రెమెడియేషన్ అనే ఆప్షన్ ఇస్తే అది ఫైలు మినహాయింపులను పట్టించుకోకుండా స్కాన్ చేస్తుంది, దొరికినదాన్ని ముట్టుకోకుండా తెర మీద చూపిస్తుంది. ఈవెంట్ లాగ్‌లోకి రాదు కాబట్టి ఆ అవుట్‌పుట్‌ను ఒక ఫైలులోకి మళ్లించుకోండి. రద్దీ లేని వేళ వారానికోసారి నడిపితే డేటాబేస్‌కూ ఇబ్బంది ఉండదు.

8. తేదీ వచ్చినప్పుడు తీసేయండి

సమీక్ష రోజున అడగాల్సినవి కొన్నే. ఆ సాఫ్ట్‌వేర్ ఇంకా ఆ మెషీన్‌లో ఉందా? వెర్షన్ మారిందా, మారితే వెండర్ సూచన మారిందా? ఫోల్డర్ హక్కులు మనం బిగించినట్టే ఉన్నాయా, లేక ఏదో అప్‌డేట్ మళ్లీ తెరిచేసిందా? సాఫ్ట్‌వేర్ పోయి మినహాయింపు మిగిలిపోయిన చోట్లు కచ్చితంగా దొరుకుతాయి. అక్కడ ఖాళీ ఫోల్డర్ ఉన్నా, అసలు ఫోల్డరే లేకపోయినా ప్రమాదమే, ఎందుకంటే అదే పేరుతో ఎవరైనా కొత్తగా సృష్టించుకోవచ్చు.

తీసేటప్పుడు పాలసీలోంచి తీయండి, చేత్తో పెట్టినదైతే రిమూవ్-ఎంపీప్రిఫరెన్స్ వాడండి. గెట్-ఎంపీప్రిఫరెన్స్‌తో జాబితా చూసి నిజంగానే పోయిందో లేదో నిర్ధారించుకోండి. వెంటనే ఆ ఫోల్డర్ మీద ఒక కస్టమ్ స్కాన్ నడపండి. ఇన్నాళ్లూ ఎవరూ చూడని చోటు కాబట్టి పాత ఇన్‌స్టాలర్లో, ఎప్పుడో వదిలేసిన క్రాక్ ఫైళ్లో దొరకొచ్చు. అప్లికేషన్‌కు కావాల్సిన ఫైలును క్వారంటీన్ చేసే అవకాశం కూడా ఉంది. అందుకే ఈ పని బ్యాకప్ పూర్తయ్యాక, అప్లికేషన్ ఓనర్ ఫోన్ ఎత్తే వేళలో పెట్టుకోండి.